పిండి తగ్గేకొద్దీ బ్రౌనీ

బ్రౌనీ పుట్టుక గురించి ఎక్కువమంది చెప్పే కథ ఒకటుంది. అమెరికా ఈశాన్య కొసన మెయిన్ రాష్ట్రం, అందులో బాంగర్ అనే ఊరు. అక్కడ ఒక ఇల్లాలు చాక్లెట్ కేకు చేస్తూ బేకింగ్ పౌడర్ వేయడం మరిచిపోయిందట. కేకు పొంగలేదు. పారేయడానికి మనసొప్పక ముక్కలు కోసి పెడితే తిన్నవాళ్లు లొట్టలు వేశారట. అలా బ్రౌనీ పుట్టిందట. ఆ ఇల్లాలి పేరు కూడా చెబుతారు: మిల్‌డ్రెడ్ బ్రౌన్ ష్రంఫ్. ఆమె కల్పిత వ్యక్తి కాదు. బాంగర్ డైలీ న్యూస్ పత్రికలో ఏళ్ల తరబడి వంటల శీర్షిక రాసి పేరు తెచ్చుకున్న ఆవిడ. అయితే ఆమె పుట్టింది 1903లో. చాక్లెట్ వేసిన బ్రౌనీల వంటకం అచ్చులో కనిపించింది 1904లో. అప్పటికి ఆమె ఇంకా ఉయ్యాల దిగని పసిపాప.

తేదీలు కుదరకపోవడం ఒక్కటే కాదు, ఈ కథ మీద నాకున్న అభ్యంతరం ఇంకోటి ఉంది. పొరపాటున పుట్టింది అనగానే, కొలిచి, మార్చి, మళ్లీ చేసి చూసి, ఆ కొలతలను అచ్చు వేయించిన ఆడవాళ్ల శ్రమ అంతా తుడిచిపెట్టుకుపోతుంది. పాత వంటపుస్తకాల్లోని బ్రౌనీ కొలతలను వరసగా పెట్టుకుని చదివితే అందులో మతిమరుపు ఎక్కడా కనబడదు. ఒక్కో దినుసును కావాలనే పెంచుకుంటూ, తగ్గించుకుంటూ వచ్చిన పద్ధతి కనబడుతుంది. మరీ ముఖ్యంగా పిండిని.

మొదట చికాగో వెళ్దాం. కొలంబస్ అమెరికా చేరి నాలుగు వందల ఏళ్లయిన సందర్భంగా 1893లో అక్కడ ప్రపంచ ప్రదర్శన జరిగింది. మే నుంచి అక్టోబరు దాకా సాగిన ఆ సంబరాన్ని చూసిన వాళ్లు రెండున్నర కోట్లకు పైమాటే. తెలుగువాళ్లకు ఆ సంవత్సరం, ఆ ఊరు వేరే కారణంగా గుర్తు. ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో తన పాశ్చాత్య యాత్ర ఉద్దేశం గురించి మాట్లాడిన వివేకానందుడు, సెప్టెంబరు 11న మాట్లాడిన సర్వమత సభ ఈ ప్రదర్శనలో భాగంగానే ఏర్పాటైంది.

ప్రదర్శనలో స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక భవనం కట్టారు. దాని నమూనా గీసింది సోఫియా హేడెన్ అనే ఇరవై ఏళ్లు దాటిన యువతి, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో వాస్తుశిల్పం పూర్తిచేసిన తొలి మహిళల్లో ఒకరు. ఆ మహిళా విభాగానికి అధ్యక్షురాలు బెర్తా పామర్. ఆమె భర్త పాటర్ పామర్ చికాగోలో పెద్ద వ్యాపారి, పామర్ హౌస్ హోటల్ యజమాని. ఆ హోటల్ 1871లో తెరిచిన రెండు వారాల్లోపే చికాగో మహా అగ్నిప్రమాదంలో కాలిపోతే మళ్లీ కట్టించాడు. ప్రదర్శనకు వచ్చే మహిళలు మధ్యాహ్నం పెట్టెల్లో పట్టుకెళ్లే భోజనంలోకి ఒక తీపి కావాలనీ, అది కేకు ముక్క కన్నా చిన్నదిగా, చేతులకు అంటుకోకుండా తినేలా ఉండాలనీ బెర్తా తమ హోటల్ వంటవాళ్లను అడిగిందని పామర్ హౌస్ చెప్పుకొంటుంది. చాక్లెట్ ముక్క, దాని పైన అక్రోట్లు, ఆ పైన మెరిసే ఆప్రికాట్ పాకం పూత. ఆ హోటల్లో ఈ ముక్కను ఇప్పటికీ వడ్డిస్తున్నారు.

ఈ కథలో నమ్మదగినది ఉంది. అడిగిన మనిషి, అడిగిన కారణం, తినే చోటు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. కానీ హోటల్ వంటగదిలో పుట్టినది ఊళ్లోని ఇళ్లకు చేరాలంటే దారి కావాలి. ఆ దారి వేసింది హోటళ్లు కాదు, వంటపుస్తకాలు. అందుకే బ్రౌనీ చరిత్రలో బెర్తా పామర్‌కు ఒక పుట ఇచ్చి, ఎక్కువ పుటలు బోస్టన్‌లోని ఒక పంతులమ్మకు ఇవ్వాలంటాను.

ఆమె ఫ్యానీ ఫార్మర్. 1857లో బోస్టన్‌లో పుట్టింది. పదహారో ఏట పక్షవాతం వచ్చింది, కాలేజీ చదువు ఆశ అక్కడే ఆగింది. కొన్నేళ్లపాటు నడవలేకపోయింది, తరవాత కూడా కుంటుతూనే నడిచింది. ముప్పై ఏళ్లు దాటాక బోస్టన్ వంటల బడిలో విద్యార్థినిగా చేరి, 1889లో చదువు ముగించి, అక్కడే పంతులమ్మగా ఉండి, చివరికి ఆ బడికే ప్రిన్సిపాల్ అయింది. 1896లో ఆమె రాసిన 'బోస్టన్ కుకింగ్ స్కూల్ కుక్ బుక్' వచ్చింది. ప్రచురణకర్తలు లిటిల్, బ్రౌన్ వాళ్లకు అది అమ్ముడవుతుందన్న నమ్మకం లేక, మొదటి మూడు వేల ప్రతుల ఖర్చు ఆమెనే పెట్టుకోమన్నారు. పెట్టుకుంది. అందువల్ల హక్కులు ఆమె చేతుల్లోనే ఉండిపోయాయి, పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది.

ఆ పుస్తకం చేసిన మేలు కొలతల్లో ఉంది. అంతకు ముందు అమెరికా వంటపుస్తకాల్లో 'గుడ్డంత వెన్న' అని రాసేవాళ్లు, మనం నిమ్మకాయంత చింతపండు అన్నట్టు. పులుసుకు ఆ లెక్క చాలు, ఎందుకంటే మరుగుతుండగా రుచి చూసి సరిచేసుకోవచ్చు. ఓవెన్‌లో పెట్టినదాన్ని మధ్యలో సరిదిద్దే వీల్లేదు. కప్పులో పోసిన పిండిని కత్తి అంచుతో గీసి సమం చేయాలి, చెంచా కూడా అంతే, అని ఫార్మర్ పట్టుబట్టి నేర్పింది. ఆమెకు ముందే అదే బడిలో మేరీ లింకన్ లాంటి వాళ్లు ఈ దారి పట్టినా, దాన్ని దేశమంతటి అలవాటుగా మార్చింది ఫార్మర్. ఇంట్లో చాక్లెట్ బ్రౌనీ ప్రతిసారీ ఒకేలా రావడానికి అసలు పునాది ఇదే.

1896 నాటి ఆ మొదటి ముద్రణలో 'బ్రౌనీలు' అనే వంటకం ఉంది. తీరా చూస్తే అందులో చాక్లెట్ లేదు! వెన్న, పంచదార పొడి, మొలాసిస్ అనే నల్లటి చెరకు మడ్డి తలా కప్పులో మూడో వంతు, ఒక గుడ్డు, కప్పుకు కాస్త తక్కువ పిండి, కప్పు పీకన్ పప్పులు. చిన్న చిన్న మూసల్లో పోసి, ఒక్కోదాని మీద అర పీకన్ గింజ అద్ది కాల్చేవాళ్లు. కెనడాలో పుట్టిన పామర్ కాక్స్ గీసిన బ్రౌనీలనే పొట్టి మాయామనుషుల బొమ్మలు అమెరికా పిల్లలను అప్పట్లో ఊపేస్తున్నాయి. ఆ పేరు కెమెరాకూ పెట్టారు, మిఠాయిలకూ పెట్టారు. ఈ బుల్లి కేకులకూ అంటింది.

చాక్లెట్ అందులోకి రావాలంటే చాక్లెట్ ఇంటి సరుకు కావాలి. 1828లో నెదర్లాండ్స్‌లో వాన్ హూటెన్ వాళ్లు కోకో ముద్దను నొక్కి అందులోని కొవ్వును వేరుచేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. కోకో పొడి చవకైంది అక్కడి నుంచే. 1847లో ఇంగ్లండ్‌లో ఫ్రై కంపెనీ తినే చాక్లెట్ కడ్డీ చేసింది. బోస్టన్ పక్కనే డార్చెస్టర్‌లో పద్దెనిమిదో శతాబ్దం నుంచీ నడుస్తున్న బేకర్ కంపెనీ, పంచదార కలపని చాక్లెట్‌ను ఔన్సు బిళ్లలుగా గీతలు పెట్టి అమ్మేది. వంటపుస్తకంలో 'రెండు బిళ్లల చాక్లెట్' అని రాస్తే దేశంలో ఏ మూల ఇల్లాలికైనా అది 57 గ్రాముల లోపే. చికాగో ప్రదర్శనలోనే మిల్టన్ హెర్షీ అనే కారమెల్ వ్యాపారి జర్మన్ల చాక్లెట్ యంత్రాలను చూసి ముచ్చటపడి కొనేశాడు. 1900కల్లా అతని పాల చాక్లెట్ కడ్డీ బజారులోకి వచ్చింది. పొరపాటు కథ చెప్పేవాళ్లు ఈ నేపథ్యం చూడరు. చాక్లెట్ ఇంటి సరుకు అయ్యాకే బ్రౌనీ వంటపుస్తకాలకెక్కింది.

1904లో రెండు పుస్తకాలు. న్యూ హ్యాంప్‌షైర్‌లోని లకోనియాలో వచ్చిన 'హోమ్ కుకరీ' ఒకటి, చికాగోలో సర్వీస్ క్లబ్ మహిళలు వేసిన వంటపుస్తకం ఇంకోటి. రెండింటిలోనూ చాక్లెట్ బ్రౌనీ ఉంది. 1905 ఏప్రిల్ 2న బోస్టన్ గ్లోబ్ పత్రిక కూడా ఒక వంటకం ఇచ్చింది. వందల మైళ్ల దూరంలో ఉన్న వాళ్లు ఇంచుమించు ఒకే కాలంలో ఒకే వంటకాన్ని అచ్చు వేశారంటే, అప్పటికే అది ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి రాసిచ్చుకుంటూ తిరుగుతోందని అర్థం.

1906లో ఫ్యానీ ఫార్మర్ తన పుస్తకాన్ని సవరించి మళ్లీ వేసింది. ఈసారి బ్రౌనీలో చాక్లెట్ ఉంది. ఒక కప్పు పంచదార, పావు కప్పు కరిగించిన వెన్న, ఒక గుడ్డు, రెండు బిళ్లల బేకర్ చాక్లెట్, ముప్పావు చెంచా వనిల్లా, అర కప్పు పిండి, అర కప్పు అక్రోట్లు. ఏడంగుళాల చదరపు పళ్లెంలో మైనపు కాగితం పరిచి, మంద వేడిలో కాల్చమంది. బేకింగ్ పౌడర్ ఊసు లేదు. దాన్ని ఎవరూ మరచిపోలేదు. అసలు ఆ వంటకంలో దానికి చోటే పెట్టలేదు. చెంచాను కత్తితో గీసి కొలిచే పంతులమ్మ ఒక దినుసును ఊరికే వదిలేస్తుందా?

మరుసటి ఏడు, 1907లో, మరియా విల్లెట్ హోవార్డ్ అనే ఆవిడ బోస్టన్‌లోని వాల్టర్ లౌనీ చాక్లెట్ కంపెనీ కోసం 'లౌనీస్ కుక్ బుక్' రాసింది. అందులోని 'లౌనీ బ్రౌనీ' కొలతలు చూడండి: ఒక కప్పు పంచదార, రెండు బిళ్లల చాక్లెట్, అర కప్పు పిండి, అర కప్పు పప్పులు. ఇక్కడిదాకా ఫార్మర్ కొలతలే. వెన్న మాత్రం పావు కప్పు నుంచి అర కప్పు అయింది, గుడ్డు ఒకటి నుంచి రెండయ్యాయి, పావు చెంచా ఉప్పు చేరింది. అంతే. మిగతావి కదపకుండా వెన్న, గుడ్లు రెట్టింపు చేయడమంటే ప్రయోగశాలలో పనిచేసే పద్ధతి. ఈవిడకు ప్రయోగశాల వంటిల్లే. దాంతో ముక్క బరువెక్కింది, తడి ఎక్కింది, ఈనాడు మనం బ్రౌనీ అనే మెత్తని ముద్దదనం మొదలైంది. అదే పుస్తకంలో 'బాంగర్ బ్రౌనీ' పేరుతో ఇంకో వంటకం ఉంది. దాన్లో గోధుమ రంగు పంచదార, మూడు బిళ్లల చాక్లెట్. బాంగర్ ఊరికి ఈ వంటతో ఏదో సంబంధం ఉందనడానికి ఆ పేరే సాక్ష్యం. మతిమరుపు ఇల్లాలి కథ ఆ పేరు చుట్టూ తరవాత అల్లుకున్నది.

ఆపైన డెబ్బై ఏళ్లు గెంతుదాం. నాలుగు ఆస్కార్లు గెలిచిన నటి క్యాథరిన్ హెప్బర్న్ ఇంటి బ్రౌనీ అంటూ 1975లో ఒక వంటకం పత్రికకెక్కింది. అర కప్పు వెన్న, రెండు బిళ్లల చాక్లెట్, ఒక కప్పు పంచదార, రెండు గుడ్లు, పావు చెంచా ఉప్పు. లౌనీ పుస్తకంలోవి దించినట్టున్నాయి. పప్పులు పెరిగాయి, సరే. కానీ అసలు సంగతి పిండిలో ఉంది: అర కప్పు కాస్తా పావు కప్పయింది. 2003లో ఆమె పోయాక న్యూయార్క్ టైమ్స్‌కు పొరుగింటి అమ్మాయి ఒకామె ఉత్తరం రాసింది. కాలేజీ మానేయబోతున్న తనను హెప్బర్న్ ఎలా ఆపిందో అందులో చెప్పింది. తమ ఇంటి నుంచి పంపిన బ్రౌనీలు రుచి చూసి, పిండి ఎక్కువైందని ఆమె మందలించిన సంగతీ రాసింది. చదువు మానొద్దు, నీలా నువ్వుండు అన్న సలహాల పక్కనే పిండి ఎక్కువ వేయొద్దన్న సలహానూ ఆ అమ్మాయి అన్నేళ్లూ గుర్తుంచుకుంది. నాకు అందులో వింతేమీ కనబడదు. బ్రౌనీ మర్మం అదే మరి.

ఎందుకో కాస్త వివరంగా చూద్దాం. మైదాలోని మాంసకృత్తులు తడి తగిలి, కలిపేకొద్దీ సాగే గ్లూటెన్ అవుతాయి. మైదాలోని పిండిపదార్థం వేడికి తడిని పీల్చి ఉబ్బుతుంది. కేకు గుల్లగా నిలబడేది ఈ రెండింటి వల్ల. పిండి సగం చేస్తే నిలబెట్టే పని గుడ్ల మీద పడుతుంది. అవి గట్టిపడి వెన్ననూ చాక్లెట్‌నూ పట్టుకుంటాయి తప్ప గుల్లదనం ఇవ్వవు. అందుకే ముక్క ఒత్తుగా, నోట్లో కరిగేలా వస్తుంది. పిండి వేశాక గిలక్కొట్టకూడదు అనడం కూడా ఇందుకే. తెల్ల పొడి కనబడకుండా పోయేదాకా కలిపి ఆపేయాలి.

పైన కాగితంలా పలచగా, మెరుస్తూ, కత్తి పెడితే చిట్లే పొర చాలామందికి అందని ద్రాక్షలా ఉంటుంది. అది చాక్లెట్ చేసే పని కాదు, పంచదార పని. గుడ్డులోని తడిలో కరిగిన పంచదార పైకి చేరి, వేడికి ఎండి పొరవుతుంది. కాబట్టి వెన్న వేడిగా ఉన్నప్పుడే పంచదార వేయాలి, గుడ్లు వేశాక చేతి బీటర్‌తో రెండు మూడు నిమిషాలు, మిశ్రమం చిక్కబడి నిగనిగలాడేదాకా కొట్టాలి. పంచదార బదులు పూర్తిగా బెల్లం వేస్తే రుచి బాగుంటుంది గానీ ఆ పొర రాదు. ఆరోగ్యం పేరుతో పంచదార సగానికి కోసేవాళ్లకు కూడా ఇదే ఇబ్బంది. ముక్క చిన్నదిగా కోసుకోవడం మేలు.

మన బజారులో పంచదార లేని చాక్లెట్ బిళ్లలు అన్నిచోట్లా దొరకవు. దానికి సరిపడా కోకో పొడితో చేసుకోవచ్చు. ఒక్కో బిళ్లకు మూడు పెద్ద చెంచాల కోకో పొడి, అదనంగా ఒక పెద్ద చెంచా వెన్న. ఈ లెక్కన లౌనీ కొలతలు మన వంటింట్లో ఇలా మారతాయి: ఉప్పు లేని వెన్న 140 గ్రాములు, పంచదార 200, కోకో పొడి 40, గుడ్లు రెండు, మైదా 60 గ్రాములు, చిటికెడు ఉప్పు, అర చెంచా వనిల్లా ఎసెన్స్. వెన్న కరిగించి, అందులో పంచదార, కోకో, ఉప్పు కలిపి, వేలు పెట్టగలిగేంత చల్లారాక గుడ్లు వేసి కొట్టి, చివర మైదా. ఏడంగుళాల చదరపు టిన్నులో బటర్ పేపర్ వేసి పోయాలి. ముందే వేడి చేసిన ఓవెన్‌లో 165 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇరవై నిమిషాలు దాటాక చూడడం మొదలుపెట్టాలి. పుల్ల గుచ్చితే శుభ్రంగా బయటికొచ్చిందంటే అప్పటికే ఎక్కువ కాలింది. తడి పొడి అంటుకుని రావాలి, జారుగా మాత్రం ఉండకూడదు.

చాక్లెట్ కొని వేసేవాళ్లు అట్ట వెనక దినుసుల జాబితా చదవాలి. దుకాణాల్లో చవకగా దొరికే కాంపౌండ్ చాక్లెట్‌లో కోకో కొవ్వు తీసేసి వేరే వనస్పతి కొవ్వు కలుపుతారు. కోకో కొవ్వు మన ఒంటి వేడికే కరుగుతుంది. వనస్పతి కొవ్వు కొన్నిసార్లు కరగక నాలుక మీద మైనంలా మిగులుతుంది. కేకు మీద పూతకు కాంపౌండ్ చాక్లెట్ సులువేమో గానీ, బ్రౌనీకి మంచి కోకో పొడే దానికన్నా నయం అని నా గట్టి అభిప్రాయం.

ఆ కోకో గింజ ఇప్పుడు మన దగ్గరే పండుతోంది. దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి, కోనసీమ ప్రాంతాల్లో కొబ్బరి చెట్ల నీడన, పామాయిల్ తోటల మధ్య అంతర పంటగా వేస్తారు. కాయ కొట్టి, తెల్లటి గుజ్జుతో సహా గింజలు తీసి, ఐదారు రోజులు పులియబెట్టి, ఎండబెడతారు. ఆ పులియబెట్టడం సరిగా జరగకపోతే తరవాత ఎంత వేయించినా చాక్లెట్ వాసన రాదు. అంటే మన బ్రౌనీ రుచిలో సగం గోదావరి జిల్లాల రైతు కల్లంలోనే తేలిపోతుంది. 2024లో అంతర్జాతీయ బజారులో కోకో టన్ను పది వేల డాలర్లు దాటింది, మరుసటి ఏడాది ధర పడిపోయి ఇక్కడి రైతులు రోడ్డెక్కారు. కొన్నేళ్లుగా ఈ గింజలతోనే చాక్లెట్ చేసి, అట్ట మీద ఊరి పేరు వేసి అమ్మేవాళ్లు వచ్చారు. కోకో పొడి, చాక్లెట్ కొనేటప్పుడు అలాంటివి వెతికి చూడమని పాఠకులను అడుగుతాను. అక్రోట్లకు, పీకన్‌లకు పరిగెత్తాల్సిన పని కూడా లేదు. పలాస జీడిపప్పు దోరగా వేయించి వేస్తే వెన్నకు చక్కగా జోడీ కుదురుతుంది.

గుడ్డు తినని ఇళ్లవాళ్లు రెండు గుడ్ల బదులు అర కప్పు చిక్కటి పెరుగు వేసుకోవచ్చు. అయితే నిలబెట్టే పని చేసే గుడ్డు లేదు కాబట్టి మైదా 90 గ్రాముల దాకా పెంచి, పావు చెంచా బేకింగ్ పౌడర్ కలపక తప్పదు. పైపొర మీద ఆశ వదులుకోవాలి. అది బ్రౌనీకి దగ్గరి చుట్టం అవుతుంది, రుచికి లోటుండదు. ఓవెన్ లేకపోతే కుక్కర్ గ్యాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, స్టాండు మీద టిన్ను పెట్టి సన్న సెగన కాల్చుకోవచ్చు. నలభై నిమిషాలు పట్టొచ్చు.

ఫార్మర్, హోవార్డ్ ఇద్దరూ ఓవెన్‌లోంచి తీయగానే కోసేయమన్నారు. వాళ్ల ముక్కలు పలచన, అందుకని అది చెల్లింది. ఇంత వెన్న పడ్డ మన బ్రౌనీని మాత్రం పూర్తిగా చల్లారనివ్వాలి, వీలైతే గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టాలి. కొవ్వు గట్టిపడితే తప్ప అంచులు తిన్నగా రావు. కత్తిని ప్రతి కోతకూ వేడినీళ్లలో ముంచి తుడుచుకోవాలి. మొదటిసారి 60 గ్రాముల మైదాతోనే చేయండి. చేయి కుదిరాక 45కు, ఆపైన హెప్బర్న్ లెక్క ప్రకారం 30కి దిగండి. అంతకన్నా కిందికి వెళ్తే ముక్క కోయడం కుదరదు, చెంచాతో తినాల్సిందే.